జార్జి స్టీఫెన్‌సన్ జీవితము

రైలుబండి నెక్కనివారు మనలో నరుదు. స్టేషనునకు వెళ్లి టిక్కెట్టు కొందుము. బండి పావుగంట ఆలస్యమైనచో విసుగుకొందుము. కాని రెండువందల యేండ్లకు పూర్వము నేలమీద మనుష్యుని ప్రయాణవేగము గుఱ్ఱపు పరుగును మించి యుండలేదు. రాజునకైనను పేదకైనను అదియే హద్దు. ఆ హద్దును దాటించిన పలువురిలో ముఖ్యుడు జార్జి స్టీఫెన్‌సన్. ఇతడు పదునెనిమిదేండ్ల ప్రాయము వచ్చువరకు తన పేరైనను వ్రాయనేరని బొగ్గుగని కూలివాడు. ఇతని విజయములను గూర్చి పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. ఇతడు పదిమందిలో నవమానము పొందిన దినములను గూర్చియు, అటుపిమ్మట నేమి చేసెనో దానిని గూర్చియు తెలిసికొనుట విద్యార్థులకు మఱింత ప్రయోజనకరము.

స్టీఫెన్‌సన్ 1781 వ సంవత్సరము జూను 9 వ తేదీన ఇంగ్లాండు ఉత్తరభాగమున న్యూకాసిల్ నగరమునకు సమీపమందున్న వైలం గ్రామమున జన్మించెను. తండ్రి రాబర్టు, గనిలోని నీటిని తోడు ఆవిరియంత్రమునకు బొగ్గు వేయుచుండెడివాడు. నాలుగు కుటుంబములు కాపురముండు ఇంటిలో వీరి కొక్క గది మాత్రమే యుండెను. తల్లిదండ్రు లిరువురును చదువురానివారు. పిల్లలను బడికి పంపు స్తోమతు వారికి లేకుండెను. వాకిటి ముందరనే కొయ్యపట్టాల దారి యొకటి పోవుచుండెను. ఆ దారిమీద గుఱ్ఱములు బొగ్గుబండ్లను లాగుకొనిపోవుచుండెను. పట్టాలు ఆవిరిబండి కంటె ముందు పుట్టినవని మనము గ్రహింపవలెను.

జార్జి మొదటి ఉద్యోగము పశువులను కాయుట. దినమునకు రెండు పెన్సులు కూలి. ఆవులు పట్టాలమీదికి పోకుండ చూచుట అతని పని. తీరికవేళల బంకమట్టితో ఆవిరియంత్రముల బొమ్మలు చేసి ఆడుకొనుచుండెడివాడు. తరువాత గనిలో బొగ్గునుండి రాళ్లు ఏరెను, గుఱ్ఱమును తోలెను, పదునాలుగవ యేట తండ్రికి తోడుగా యంత్రమునకు నిప్పు వేయసాగెను. పదునేడవ యేట యంత్రమును నడుపు పని అతనికి లభించెను. ఆ యంత్రమునకే తండ్రి బొగ్గు వేయుచుండెను. సెలవుదినములందు తోడివారు వినోదములకు పోవుచుండగా ఇతడు యంత్రమును విప్పి, ఒక్కొక్క భాగమును తుడిచి, మరల కూర్చుచుండెను. ఇట్లు చేయుటవలన దానిలో నతనికి తెలియని కీలు లేకుండెను.

అయినను ఒక కొఱత యుండెను. మంచి యంత్రములను గూర్చిన వివరములు పుస్తకములలో నున్నవి; పుస్తకము తెఱచిన నితనికి అక్షరము తెలియదు. తోటిపనివాండ్రు నవ్వుదురేమో యని సంకోచించి యూరకుండలేదు. పదునెనిమిదేండ్ల యువకుడు పసిపిల్లలు దిద్దు నోనమాలు దిద్దుటకు రాత్రిబడిలో చేరెను. వారమునకు మూడు రాత్రులు, జీతము మూడు పెన్సులు. పందొమ్మిదవ యేట తన పేరు తాను వ్రాయగలిగెను. పిమ్మట లెక్కలు నేర్చుకొనెను. ఉపాధ్యాయు డిచ్చిన లెక్కలను యంత్రపు నిప్పువెలుగున కూర్చుండి పలకమీద చేసి, మరునాడు చూపి, క్రొత్తవి తెచ్చుకొనుచుండెను.

1802 లో ఫానీ హెండర్సన్ అను నామెను వివాహమాడెను. మరుసటి సంవత్సరమున రాబర్టు అను కుమారుడు కలిగెను. కాని సుఖము నిలువలేదు. 1805 లో పుట్టిన ఆడుశిశువు కొన్ని వారములకే చనిపోయెను. 1806 లో భార్య క్షయరోగమున మరణించెను. దుఃఖభారముతో స్కాట్లండునకు పోయి కొంతకాలము పనిచేసి తిరిగివచ్చుసరికి, తండ్రి యంత్రపు ఆవిరి మొగమున కొట్టి అంధుడై, అప్పులలో మునిగి యుండెను. జార్జి కూడబెట్టుకొనిన ధనముతో అప్పులు తీర్చి తల్లిదండ్రులను తన చెంతకు తెచ్చుకొనెను. ఆ దినములలో అమెరికాకు వలసపోవలెనని తలంచెను గాని ఓడకూలికి ధనము లేకపోయెను. పగలు గనిలో పనిచేసి, రాత్రులందు పాదరక్షలు బాగుచేసియు, గడియారములు సవరించియు నాలుగు కాసులు సంపాదించుచుండెను.

అప్పు డతడు కిల్లింగ్‌వర్తు గనులలో పనిచేయుచుండెను. 1811 లో అక్కడి క్రొత్త గని నీటితో నిండిపోయెను. పెద్ద పెద్ద నిపుణులు ప్రయత్నించియు నీరు తోడు యంత్రమును సరిచేయలేకపోయిరి. స్టీఫెన్‌సన్ దానిని విప్పి మార్పులు చేసి కొలది దినములలో గనిని ఎండగట్టెను. మరుసటి సంవత్సరమున సంవత్సరమునకు 100 పౌనుల జీతముపై గనుల యంత్రములన్నిటికి అధికారిగా నియమింపబడెను. ఆ ధనముతో చేసిన మొదటి పనులలో నొకటి కుమారుని న్యూకాసిల్ పాఠశాలకు పంపుట. సాయంకాలము రాబర్టు తెచ్చిన పుస్తకములను తండ్రికొడుకు లిరువురు కలిసి చదువుచుండిరి. బాలుని పాఠములే తండ్రికిని పాఠములయ్యెను.

గనులలో మండెడి వాయువు దీపపు మంటకు తగిలి ప్రేలుటచే అనేకులు మరణించుచుండిరి. 1815 లో స్టీఫెన్‌సన్ అట్టి ప్రమాదమును వారించు దీపము నొకదానిని చేసి, ప్రాణములకు వెఱవక దానిని తానే వాయువున్న చోటికి కొనిపోయి పరీక్షించెను. అదే కాలమున ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడైన సర్ హంఫ్రీ డేవీయు వేఱొక దీపమును కనిపెట్టెను. చదువురాని గనిపనివాడు స్వయముగా నిట్టిది చేయగలడని లండను పండితులు నమ్మలేదు. డేవీకి 2000 పౌనుల బహుమానమును, స్టీఫెన్‌సన్‌కు 100 గినీలును లభించెను. స్వదేశీయులు చందాలు వేసికొని అతనికి 1000 పౌనులు సమర్పించిరి. 1833 లో పార్లమెంటు ఉపసంఘము ఇరువురికిని సమానమైన హక్కు కలదని తేల్చెను.

ఇక పొగబండి సంగతి. ఆవిరిబండిని స్టీఫెన్‌సన్ మొట్టమొదట కనిపెట్టెనని పలువురు తలంతురు. అది నిజము కాదు. 1804 లోనే రిచర్డు ట్రెవిథిక్ అను నాతడు వేల్సు దేశమున పట్టాలమీద ఆవిరిబండిని నడపెను. కాని దాని బరువునకు పోతయినుప పట్టాలు విరిగిపోయెను. మఱి కొందఱును బండ్లు చేసిరి. స్టీఫెన్‌సన్ 1814 లో బ్లూచర్ అను బండిని చేసెను. అది 30 టన్నుల బొగ్గును మిట్టదారిలో గంటకు 4 మైళ్ల చొప్పున లాగెను. అతని విశేష మేమనగా, బండి వేఱు, దారి వేఱు అని తలపక, ఆ రెండును ఒక్క యంత్రములోని రెండు భాగములని గ్రహించుట. మంచి చక్రమునకు మంచి పట్టా, మంచి పట్టాకు చదునైన దారి కావలెనని అతని నిశ్చయము.

ఈ నిశ్చయమున కొక పరీక్ష వచ్చెను. స్టాక్టన్, డార్లింగ్టన్ పట్టణముల నడుమ దారి వేయుటకు 1821 లో చట్టము కాగా, ఎడ్వర్డు పీజ్ అను వర్తకుడు స్టీఫెన్‌సన్‌ను నియమించెను. స్టీఫెన్‌సన్‌కు విలియం లాష్ అను మిత్రునితో కలిసి పోతయినుప పట్టాలపై హక్కుపత్రము గలదు. అవియే కొనిపించినచో లాభము తనకే చెందును. కాని బెడ్లింగ్టను కర్మాగారములో అప్పుడే తయారగుచుండిన చేతయినుప పట్టాలు మేలైనవని అతడు చూచెను. వానినే వాడుడని కంపెనీవారికి చెప్పెను. లాభమును పోయెను, లాష్ స్నేహమును చెడెను. దారి మాత్రము నిలిచెను.

1825 సెప్టెంబరు 27 వ తేదీన ఆ దారి తెఱవబడెను. లోకోమోషను అను బండిని స్టీఫెన్‌సన్ స్వయముగా నడపెను. బొగ్గుబండ్లు, పిండిబండ్లు, వానిపై వందలకొలది జనులు, పెద్దమనుష్యులకు ఎక్స్‌పెరిమెంటు అను పెట్టెబండి యొకటి — ఇదియే ఆ దినపు రైలు. అయితే ఆ దారిమీద రాకపోకలు మనము నేడు చూచునట్టివి కావు. ఒంటిదారిమీదనే ఆవిరిబండ్లును గుఱ్ఱపుబండ్లును నడుచుచుండెను. ఎదురెదురుగా వచ్చినపుడు ఎవరు ప్రక్కదారికి తొలగవలెనని తోలువారు జగడమాడుచుండిరి. ప్రయాణికుల బండ్లను 1833 వరకు గుఱ్ఱములే లాగెను. అనగా, యంత్రము సిద్ధమైనను దానిని నడపు క్రమము ఇంకను సిద్ధము కాలేదు.

ఈ యుత్సవమునకు అయిదు నెలల ముందే స్టీఫెన్‌సన్ జీవితమున మిక్కిలి చేదైన దినములు గడచినవి. లివర్‌పూలు రేవునుండి మాంచెస్టరు మిల్లులకు 31 మైళ్ల రైలుమార్గము వేయవలెనని వర్తకులు సంకల్పించి, పార్లమెంటు అనుమతి కోరిరి. కాలువల యజమానులును, జమీందారులును దీనిని తీవ్రముగా నెదిరించిరి. కొలతలు తీయ వచ్చినవారిని తమ భూములనుండి తఱిమిరి. అందుచే కొలతలు తొందరలో జరిగెను. స్టీఫెన్‌సన్ ఆ పనిని అనుభవము చాలని సహాయుల కప్పగించి, వారు తెచ్చిన లెక్కలను మరల సరిచూడలేదు. 1825 ఏప్రిలులో ఉపసంఘము నెదుట ఆల్డర్సన్ అను న్యాయవాది అతనిని మూడు దినములు ప్రశ్నించెను. ఎత్తుపల్లముల లెక్కలు తప్పులని బయటపడెను. నదిమీది వంతెన ఎత్తెంత యని యడిగినపుడు అతడు సరియైన ప్రత్యుత్తర మీయలేకపోయెను. అతని నాటుపలుకుబడిని విని సభలో కొందఱు నవ్విరి. అనుమతి లభింపలేదు. కంపెనీవారు అతనిని తొలగించి వేఱు ఇంజనీర్లను పెట్టుకొనిరి.

నవ్విన వారిది అమర్యాదయే. కాని లెక్క తప్పినది మాత్రము నిజము. స్టీఫెన్‌సన్ ఎత్తిపొడుపులను దిగమ్రింగి తన పనికి తాను పోయెను. స్టాక్టన్ దారి నడచుట లోకము చూచెను. 1826 లో లివర్‌పూలు మార్గమునకు అనుమతి రాగా, కంపెనీవారే మరల అతనిని పిలిచి పని యప్పగించిరి.

ఆ దారిలో చాట్‌మాస్ అను గొప్ప బురదనేల కలదు. నాలుగు మైళ్లకు పైగా దానిని దాటవలెను. దానిపై దారి వేయుట అసాధ్యమని నిపుణులు పార్లమెంటులో సాక్ష్యమిచ్చి యుండిరి. వారములకొలది మన్ను పోసినను అది క్రిందికి దిగిపోవుచుండెను. డైరెక్టర్లు నిరాశపడి పని మానుదమా యని ఆలోచించిరి. స్టీఫెన్‌సన్ పొదరిండ్ల కొమ్మలు, రెల్లువంటి మొక్కలు అల్లి తడకలు చేయించి బురదపై పఱపించెను. పాత పీపాలను వరుసగా కూర్చి నీరు పోవుటకు కాలువలు చేయించెను. దారి నీటిపై తెప్పవలె తేలి నిలిచెను. నేటికిని రైళ్లు చాట్‌మాస్ మీదుగా పోవుచునే యున్నవి.

ఆ మార్గమున ఎట్టి బండి నడపవలెనో తేల్చుటకు 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ అను చోట పందెము జరిగెను. బహుమానము 500 పౌనులు. పోటీదారులలో ఒకడు గుఱ్ఱమునే యంత్రములో నెక్కించి నడపించెను. తక్కిన బండ్లు ఒక్కొక్కటిగా చెడి నిలిచిపోగా రాకెట్ అను బండి మాత్రము లివర్‌పూలునుండి మాంచెస్టరునకు పోయి వచ్చునంత దూరమును పరుగెత్తి గెలిచెను. దాని వేగము ఒకపుడు గంటకు సుమారు 30 మైళ్లు. నీటిని మరిగించు పాత్రలో ఒక్క పెద్ద గొట్టమునకు మారుగా 25 రాగిగొట్టములుంచుటచే ఆవిరి త్వరగా పుట్టుచుండెను. ఈ యుపాయమును సూచించినవాడు కంపెనీ కార్యదర్శి హెన్రీ బూత్. బండిని కట్టినవాడు కుమారుడు రాబర్టు. ఒకనాడు తండ్రితో కూర్చుండి పాఠములు చదివిన బాలుడే యీ రాబర్టు.

1830 సెప్టెంబరు 15 వ తేదీన ఆ మార్గము తెఱవబడెను. వెల్లింగ్టను ప్రభువు మొదలగు ప్రముఖులు ఎనిమిది రైళ్లలో బయలుదేరిరి. నడుమ నీటికొరకు బండి ఆగినపుడు, దిగవలదని చెప్పినను కొందఱు దిగిరి. వారిలో విలియం హస్కిసన్ అను పార్లమెంటు సభ్యు డొకడు. ప్రక్కదారిమీద రాకెట్ వచ్చుచుండెను. ఆయన తొలగలేక క్రిందపడగా కాలు నలిగిపోయెను. స్టీఫెన్‌సన్ ఆయనను వేఱొక బండిలో నుంచి, గంటకు సుమారు 36 మైళ్ల వేగమున తీసికొనిపోయెను గాని, ఆ రాత్రియే ఆయన మరణించెను. మనుష్యు డంతకుముందెన్నడును అంత వేగము నెఱుగడు. ఆ వేగమును ఎట్లు నమ్మవలెనో, ఎంతదూరమున నిలువవలెనో కూడ నెఱుగడు. ఆ మార్గమున జంటపట్టాలు వేసిరి, వేళలు నిర్ణయించిరి, దారి పొడవున కావలివాండ్రు నిలిచి చేతి సైగలతో బండ్లను ఆపుచు విడుచుచు నుండిరి. నేటి సిగ్నళ్లకు ఆ చేతులే పూర్వులు.

ఈ కీర్తిలో నొక మచ్చయు కలదు. లివర్‌పూలు సొరంగపు కొలతలలో తప్పులున్నవని, వానిని పరీక్షింప నియమింపబడిన జోసెఫ్ లాక్ అను నతని శిష్యుడు కనిపెట్టెను. స్టీఫెన్‌సన్ దీనిని సహింపలేకపోయెను. గురుశిష్యుల నడుమ ఎడబాటు కలిగెను. పార్లమెంటులో పరులయొద్ద నేర్చిన పాఠమును తన శిష్యునియొద్ద నేర్చుకొనుట అతనికి కష్టమయ్యెను. పదునెనిమిదేండ్ల కూలివానికి బాలురతో కూర్చుండి అక్షరములు దిద్దుట సాధ్యమయ్యెను. కీర్తి వచ్చిన పిమ్మట తప్పు నొప్పుకొనుట అంత సులభము కాలేదు. మహాపురుషుల చరిత్రములలో నిట్టి భాగములను దాచుటకంటె తెలిసికొనుటయే మనకు మేలు.

కడపటి సంవత్సరములు చెస్టర్‌ఫీల్డు సమీపమున టాప్టన్ గృహమున గడపెను. తోటపనియందు మక్కువ గలవాడై, దోసకాయలు వంకర లేకుండ పెరుగుటకు గాజుగొట్టములు చేయించెను. 1847 లో స్థాపింపబడిన మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు అతడే మొదటి అధ్యక్షుడు. 1848 ఆగస్టు 12 వ తేదీన అరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను.

అతని గనులలోని పాత బండిదారి వెడల్పే, అర అంగుళము చేర్చగా, 4 అడుగుల 8½ అంగుళములై, నేడు ప్రపంచమందలి రైలుమార్గములలో సగమునకు పైగా వ్యాపించియున్నది. మన దేశమున మాత్రము 5½ అడుగుల వెడల్పు ఏర్పడెను. 1853 ఏప్రిలు 16 వ తేదీన బొంబాయినుండి ఠాణాకు మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు నడచెను. ఆ కంపెనీకి సలహాదారైన ఇంజనీరు రాబర్టు స్టీఫెన్‌సనే. మన తెలుగునాట 1900 లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై హేవ్‌లాకు వంతెన తెఱవబడి, 1997 వరకు రైళ్లను మోసెను.

బస్సు కథయు రైలు కథకు దూరము కాదు. రెయిన్‌హిల్ పందెము జరిగిన 1829 లోనే, జూలై నెలలో, జార్జి షిల్లిబీర్ అను నాతడు లండను వీథులలో మూడు గుఱ్ఱములు లాగు ఆమ్నిబస్ అను బండిని నడపెను. బస్సు అను మాట అందుండి వచ్చినదే. ఇక మన వైపున, 1932 జూనులో నైజాము రాష్ట్ర రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను స్థాపించిరి. నేటి తెలుగు రాష్ట్రముల ఆర్టీసీ బస్సులకు మూలము ఆ శాఖయే. రైలే బస్సునకు అన్న యయ్యెనన్నమాట.

హస్కిసన్ మరణముతో మొదలైన జాగ్రత్త నేటికిని ముగియలేదు. 2022 మార్చిలో మన దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషనుల నడుమ, కవచ్ అను సాధనమును పరీక్షించుటకై రెండు బండ్లను ఒకే పట్టాపై ఎదురెదురుగా నడపిరి. అవి తాకకుండ తమంతట తామే ఆగెను. ఆనాటి కావలివాని చేయి చేసిన పనిని నేడు యంత్రము చేయుచున్నది. కాని ఆ యంత్రపు లెక్కలను ఎవరో ఒకరు సరిచూడకున్నచో అదియు వ్యర్థమే.

బాలబాలికలారా! వైలం గ్రామమున స్టీఫెన్‌సన్ పుట్టిన యిల్లు ఇప్పటికిని నిలిచియున్నది. వాకిటి ముందరి కొయ్యపట్టాలు మాత్రము లేవు. ఆ దారి నేడు కాలినడకవారికి బాట. మీ లెక్కలపుస్తకములో ఉపాధ్యాయుడు ఎఱ్ఱగీత గీచినపుడు, ఆ దారి ప్రక్కన ఆవులను కాచిన బాలుని తలంచుకొనుడు. గీతను చెరిపివేయుటకు కాదు, లెక్కను మరల చేయుటకు.